మడత టాపు కారు: సొంత మరమ్మతుల చరిత్ర

యంత్రం పనిచేస్తున్నంత కాలం దానిలో ఏమున్నదో ఎవరికీ పట్టదు. అది ఆగిపోయినప్పుడు మాత్రం రెండు ప్రశ్నలు ఎదురవుతవి. లోపం ఎక్కడ ఉన్నది? దానిని సరిచేయగలవారెవరు? మొదటిది విజ్ఞాన శాస్త్రానికి చెందిన ప్రశ్న. రెండవది సంఘానికి చెందిన ప్రశ్న. మోటారుకారు పుట్టిన నాటినుండి ఈ రెండు ప్రశ్నలూ కలిసే నడుస్తున్నవి. టాపును మడిచి వెనుకకు వేసుకొనగల కారు చరిత్రలో ఈ సంగతి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఏలనన, ఇట్టి కారు ఎండకూ వానకూ తొందరగా లొంగుతుంది. పాతబడిన పిమ్మట కూడ దానిని వదలక ఉంచుకొనేవారిలో చాలమంది తమ చేతులతో తామే దానిని బాగుచేసుకొనేవారు.

టాపే లేని తొలి బండి

జర్మనీ దేశస్థుడైన కార్ల్ బెంజ్ 1886 జనవరి 29వ తేదీన తన మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు కోరాడు. ఆ బండికి తలుపులు లేవు, టాపు లేదు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్, భర్తకు ముందుగా చెప్పకుండా, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని ఈ బండిలో మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌లోని తన పుట్టింటికి బయలుదేరినది. దూరం సుమారు 100 కిలోమీటర్లు. దారిలో పెట్రోలు అమ్మే చోటు లేదు. మోటారు బాగుచేసేవారు లోకంలోనే లేరు.

ఇంధనం తగ్గినప్పుడు ఆమె వీస్లోఖ్ అనే ఊరిలో మందుల దుకాణానికి వెళ్ళి, బట్టల మరకలు పోగొట్టటానికి అమ్మే లిగ్రాయిన్ అనే ద్రవాన్ని కొన్నది. ఇంధనపు గొట్టం పూడుకొనిపోతే తన టోపీకి గుచ్చుకొనే సూదితో దానిని పొడిచి శుభ్రం చేసినది. ఒక తీగ ఒరుసుకొని పైతొడుగు పోతే, మేజోడు జారకుండా కట్టుకొనే పట్టీని దానికి చుట్టినది. గొలుసును ఒక కమ్మరి బాగుచేశాడు. బ్రేకు దిమ్మెలు అరిగిపోగా, చెప్పులు కుట్టేవానిచేత వాటికి తోలు వేయించినది.

ఈ మరమ్మతులను వరుసగా చూస్తే ఒక విశేషం బోధపడుతుంది. ఇంధనం, విద్యుత్తు, చక్రాలకు చలనాన్ని అందించే గొలుసు, ఆపే బ్రేకు: మోటారుకారులో నేటికీ లోపాలు పుట్టే ముఖ్యమైన చోట్లన్నీ ఆ ఒక్క ప్రయాణంలోనే బయటపడినవి. ఆమె వాటిని సరిచేయగలగటానికి కారణం ధైర్యం ఒక్కటే కాదు. ఆ బండిలో ప్రతి భాగమూ కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. ఏ భాగం ఏ పని చేస్తుందో ఆమె ఎరిగి ఉన్నది.

ఒక కారు భాగం మరొక కారుకు

ఆ తొలి బండ్లలో ఒక చిక్కు ఉన్నది. పనివాడు ప్రతి భాగాన్నీ ఆకురాయితో రాచి, ఆ ఒక్క బండికి సరిపోయేటట్లు అమర్చేవాడు. ఒక బండి భాగం మరొక బండికి సరిపోయేది కాదు. అట్టి స్థితిలో విరిగిన ముక్కకు బదులు తయారు చేయాలంటే నిపుణుడైన పనివాడే కావలె. యజమాని స్వయంగా బాగుచేసుకొనటం కల్ల.

ఈ చిక్కు తీరినదని లోకానికి చూపిన పరీక్ష 1908లో ఇంగ్లండులో, బ్రూక్‌లాండ్స్ పందెపు బాట వద్ద జరిగినది. అమెరికాలో తయారైన మూడు కాడిలాక్ కార్లను రాయల్ ఆటోమొబైల్ క్లబ్బు పర్యవేక్షణలో పూర్తిగా విప్పివేశారు. మూడింటి భాగాలనూ ఒకే రాశిగా కలిపారు. కొన్ని భాగాలను తీసివేసి, వాటికి బదులు దుకాణపు నిల్వలోని క్రొత్త భాగాలను చేర్చారు. పిమ్మట ఆ రాశినుండి పానాలు, స్క్రూ డ్రైవర్లు మాత్రమే వాడి మరల మూడు కార్లను బిగించారు. ఆ మూడూ 500 మైళ్ళ పరుగును విజయవంతంగా ముగించినవి. మిల్లీమీటరులో అత్యల్ప భాగాన్ని సైతం కొలవగల సాధనాలు కర్మాగారంలోకి వచ్చినందువల్లనే ఇది సాధ్యమైనది. సూక్ష్మమైన కొలత కర్మాగారానికి ఎంత మేలు చేసినదో, ఇంటి పెరటిలో కారు క్రింద పడుకొని నట్టు విప్పే మనిషికి కూడ అంతే మేలు చేసినది.

నాలుగు తీగచుట్టల పరీక్ష

అదే 1908లో, అక్టోబరు నెలలో, హెన్రీ ఫోర్డు కంపెనీ 'మోడల్ టి' కారును విడుదల చేసినది. 1927 మే వరకు ఇవి కోటి యాభై లక్షలకు పైగా తయారైనవి. తొలి సంవత్సరాలలో వీటిలో అధిక భాగం గుడ్డ టాపు కార్లే. 1908లో కుటుంబమంతా కూర్చొనే రకం వెల 850 డాలర్లు. 1925 నాటికి ఇద్దరు కూర్చొనే తెరపి కారు 260 డాలర్లకు దిగినది. కొన్నవారిలో పల్లెటూరి రైతులు అనేకులు. వారికి మరమ్మతు శాల ఎన్నో మైళ్ళ దూరం. కనుక కంపెనీ యజమానులకోసం ప్రశ్నలు, జవాబుల రూపంలో ఒక చిన్న పుస్తకాన్ని అచ్చువేసినది.

ఈ కారులో పెట్రోలు టాంకు సీటు క్రింద ఉండేది. పెట్రోలును తోడే పంపు లేదు. గురుత్వాకర్షణ వల్లనే అది కార్బ్యురేటరుకు పారేది. టాంకులో పెట్రోలు తక్కువగా ఉండి, ఎక్కవలసిన కొండ నిటారుగా ఉన్నప్పుడు కార్బ్యురేటరు టాంకుకంటె పైకి లేచేది. ఇంజను ఆగిపోయేది. తెలిసినవారు కారును వెనుకకు త్రిప్పి, వెనుకనడకతో కొండ ఎక్కించేవారు. ఇక్కడ విరిగినదేమీ లేదు, మార్చవలసినదేమీ లేదు. ద్రవం పల్లానికే పారుతుందన్న సూత్రం జ్ఞాపకముంటే చాలు.

ఇంతకంటె గొప్ప పాఠం దాని విద్యుత్ ఏర్పాటులో ఉన్నది. సారథికి ఎదురుగా ఒక చెక్కపెట్టెలో నాలుగు ప్రేరణ తీగచుట్టలు ఉండేవి, ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్కటి. ప్రతి చుట్టమీదనూ విద్యుత్ గంటలో వలె కంపించే ఒక లోహపు నాలుక ఉండేది. అది విద్యుత్ ప్రవాహాన్ని తెంపుతూ కలుపుతూ ఉండగా చుట్టలో అధిక వోల్టేజి పుట్టి, స్పార్కు ప్లగ్గు కొనవద్ద నిప్పురవ్వ దూకేది.

ఇంజను నాలుగు సిలిండర్లలో మూడింటితోనే కుంటుతున్నదనుకొనుము. పనిచేయనిది ఏది? ఫోర్డు యజమాని ఇంజనును తిరగనిచ్చి, పెట్టె మూత తీసి, ఒక నాలుకను వ్రేలితో అదిమి పట్టేవాడు. ఇంజను వేగం మరింత తగ్గితే, ఆ సిలిండరు అంతవరకు పనిచేస్తున్నదన్నమాట. దానిని వదలి రెండవదానిని అదిమేవాడు. ఏ నాలుకను అదిమితే ఇంజనులో ఏ మార్పూ రాదో, ఆ సిలిండరే సోమరి. తరువాత దాని తీగచుట్టను ప్రక్క సిలిండరు చుట్టతో తారుమారు చేసేవాడు. లోపం చుట్టతోపాటు ప్రక్క సిలిండరుకు పోతే, చెడినది చుట్టయే. లోపం కదలక అక్కడే ఉంటే, ప్లగ్గునో తీగనో చూడవలె.

ఒక్కసారి ఒక్కదానినే మార్చి, తక్కినవన్నీ యథాతథంగా ఉంచి, ఫలితాన్ని గమనించటం ప్రయోగశాలలో శాస్త్రజ్ఞులు పాటించే నియమం. కళాశాల ముఖం చూడని లక్షలాది రైతులు ఆ నియమాన్ని పొలం గట్టున నిత్యం ఆచరించారు. వారికి దానిని నేర్పినది ఆగిపోయిన కారు.

చేతిపిడి పోయి మీట వచ్చినది

ఆ కార్లను ముందు భాగాన చేతిపిడి త్రిప్పి నడిపించేవారు. నిప్పురవ్వ ముందుగా పడితే ఇంజను వెనుకకు తన్నేది. అట్లు చేతి ఎముకలు విరిగినవారు చాలమంది. స్పార్కును ఆలస్యం చేసే మీటను ముందుగా సరిచూచుకొనటం ఆనాటి మొదటి జాగ్రత్త. ఈ ప్రమాదాన్ని తొలగించినది చార్లెస్ కెటరింగ్ కనిపెట్టిన విద్యుత్ స్టార్టరు. అది 1912 కాడిలాక్ కార్లలో వచ్చినది. 1919లో ఫోర్డు కూడ దానిని అమర్చటం ఆరంభించినది.

స్టార్టరుతోపాటు బ్యాటరీ, డైనమో, వాటిని కలిపే తీగల వల కారులోకి ప్రవేశించినవి. విరిగిన గొలుసు కంటికి కనిపిస్తుంది, ఆగిపోయిన విద్యుత్తు కనిపించదు. ఇదే కాలంలో మూసిన టాపు గల కార్లు పెరిగినవి. 1919లో అమెరికాలో తయారైన కార్లలో నూటికి సుమారు 10 మాత్రమే మూసినవి. 1927 నాటికి అవి నూటికి సుమారు 85 అయినవి. అంతవరకు సామాన్యుని కారుగా ఉన్న గుడ్డ టాపు కారు, అటు తరువాత ముచ్చటపడి కొనుక్కొనే కారుగా మారినది.

ఏడెన్‌లో ఒక పాత స్ప్రైట్

అట్టి ముచ్చటైన కార్లలో ఒకటి 1958లో ఇంగ్లండులో వెలువడిన ఆస్టిన్-హీలీ స్ప్రైట్. ఇంజను 948 ఘన సెంటీమీటర్లు మాత్రమే. బయట తలుపు పిడులు లేవు, వెనుక సామాను పెట్టెకు మూత లేదు. ఉబికిన దీపాల మూలంగా జనం దానిని కప్పకళ్ళ కారు అన్నారు. ముందు చక్రాల పైకప్పులతో సహా ముందు భాగమంతా ఒకే మూతగా పైకి లేస్తుంది. మూత ఎత్తితే ఇంజను నాలుగు ప్రక్కలా చేతికి అందుతుంది.

1965లో బ్రిటిష్ వైమానిక దళానికి చెందిన జాన్ హేన్స్ అనే యువకుడు అరేబియా దక్షిణ తీరంలోని ఏడెన్‌లో పనిచేస్తున్నాడు. ఆయన 1938లో సింహళంలో పుట్టినవాడు. ఆయన సహోద్యోగి ఒకడు శిథిలమైన కప్పకళ్ళ స్ప్రైట్‌ను కొన్నాడు. దానిని విప్పి మరల కట్టటానికి ఇద్దరూ పూనుకొన్నారు. కంపెనీ పుస్తకం వారికి అక్కరకు రాలేదు. అది శిక్షణ పొందిన మెకానిక్కులకోసం, ప్రత్యేక సాధనాలున్న మరమ్మతు శాలలకోసం వ్రాసినది. హేన్స్ ఒక కెమెరా తెచ్చి, ఏ భాగం తరువాత ఏ భాగం విప్పినదీ వరుసగా ఫోటోలు తీశాడు. ఆ ఫోటోలు, వివరణలు కలిపి 1966లో స్ప్రైట్ యజమానుల మరమ్మతు పుస్తకంగా వెలువడినవి. మొదటి ముద్రణ 3,000 ప్రతులు మూడు నెలలు తిరగకముందే అమ్ముడుపోయినవి. తరువాత ఆయన సంస్థ వందలాది కార్లకు ఇట్టి పుస్తకాలు తెచ్చినది. ఇంటి సాధనాలతో ఒక కారును నిజంగా విప్పి, మరల బిగించి, ఆ అనుభవాన్ని పుస్తకంగా వ్రాయటం వారి పద్ధతి.

దీనిలోని గొప్పదనం బొమ్మలలో లేదు. వృత్తిరహస్యంగా ఉన్న జ్ఞానాన్ని ఆయన క్రమమైన మెట్లుగా విడదీసి, అక్షరాలు వచ్చిన ప్రతివాని ముందూ ఉంచాడు.

ముసలి కారుకు వచ్చే జబ్బులు

టాపు మడిచే కారు పాతబడినప్పుడు దానికి రెండు ప్రత్యేకమైన జబ్బులు వస్తవి. మొదటిది బలహీనత. మూత ఉన్న అట్టపెట్టెను రెండు చేతులతో మెలిపెట్టితే అది ఎదురు నిలుస్తుంది. మూత తీసివేసి మెలిపెట్టితే సులభంగా వంకర తిరుగుతుంది. మూసిన కారుకు పైకప్పు ఆ మూత వంటిది. స్ప్రైట్ వంటి కారులో ఆ భారమంతా తలుపుల క్రిందనున్న బోలు దూలాలమీద పడుతుంది. వాన నీరు చేరి తుప్పు పట్టేది కూడ అక్కడనే. అందువలన అనుభవజ్ఞులు పాత కారును కొనేముందు దానిని జాకీతో కొద్దిగా ఎత్తి, తలుపు చుట్టూ ఉన్న సందు మారుతున్నదా అని చూస్తారు. సందు మారితే నడుము వంగుతున్నదన్నమాట. పైన ఎంత మెరిసే రంగు వేసినా ఆ లోపం దాగదు.

రెండవ జబ్బు విద్యుత్తులో వస్తుంది. కారులో బ్యాటరీనుండి పోయే దారి తీగ, తిరిగి వచ్చే దారి చాలవరకు ఇనుప చట్రమే. చట్రానికి తీగ కలిసేచోట తుప్పు పట్టితే నిరోధం పెరుగుతుంది. అప్పుడొక వింత కనిపిస్తుంది. దీపాలు చక్కగా వెలుగుతవి గాని, స్టార్టరు మాత్రం టక్కుమని ఊరకుంటుంది. బ్యాటరీ మంచిదే, స్టార్టరే చెడినదని చాలమంది దానిని మార్చివేస్తారు. ఓమ్ సూత్రాన్ని ప్రయోగిస్తే రహస్యం తేలిపోతుంది.

తుప్పు పట్టిన కీలు నిరోధం 0.05 ఓములు అనుకొనుము. దీపాలు 4 ఆంపియర్లు తీసుకొంటే అక్కడ నష్టమయ్యే వోల్టేజి 4 × 0.05 = 0.2 వోల్టులు. 12 వోల్టులలో 11.8 దీపాలకు అందుతవి. కంటికి తేడా తెలియదు. స్టార్టరు 100 ఆంపియర్లు లాగబోతే నష్టం 100 × 0.05 = 5 వోల్టులు. దానికి మిగిలేవి 7 వోల్టులే. నిజానికి వోల్టేజి పడిపోగానే ప్రవాహం కూడ తగ్గుతుంది కాని, ఫలితం మారదు. స్టార్టరు ఇంజనును త్రిప్పలేదు. వోల్టుమీటరు ఒక కొనను బ్యాటరీలో చట్రానికి కలిసే ధ్రువానికి, రెండవ కొనను ఇంజను లోహానికి ఆనించి స్టార్టరును నొక్కితే, ఏ భాగాన్నీ విప్పకుండానే లోపం తెలుస్తుంది. సూచిక సున్నకు దగ్గరగా ఉండవలె. అనేక వోల్టులు చూపితే ఆ దారిలోనే దోషమున్నది. దానికి చికిత్స ఒక గరుకు కాగితం ముక్క, కొంచెం ఓపిక.

స్టార్టరు తిరుగుతున్నా ఇంజను అందుకొనకపోతే మూడు విషయాలు విచారించవలె: నిప్పురవ్వ పడుతున్నదా? ఇంధనం అందుతున్నదా? సిలిండరులో గాలి తగినంతగా నొక్కుకొంటున్నదా? ఈ మూడూ సరియైన వేళకు సమకూడితే ఇంజను నడవక తప్పదు. ఒక్కొక్క పరీక్షతో అనుమానపు ప్రదేశం తగ్గుతూ పోతుంది. భాగాలను ఊహమీద మార్చుకుంటూ పోయేవాడు డబ్బు పోగొట్టుకొంటాడు. పరీక్షించేవాడు కారణాన్ని పట్టుకొంటాడు.

కంప్యూటరు చెప్పే మాట

1989 ఫిబ్రవరిలో షికాగో ప్రదర్శనలో జపానుకు చెందిన మాజ్డా కంపెనీ ఎమ్.ఎక్స్-5 అనే చిన్న మడత టాపు కారును చూపినది. పాత ఇంగ్లీషు కార్ల పోకడను క్రొత్త విశ్వసనీయతతో తెచ్చిన కారు ఇది. కార్బ్యురేటరుకు బదులు దీనిలో ఇంధనాన్ని చిమ్మే ఏర్పాటు, దానిని శాసించే కంప్యూటరు ఉన్నవి. అమెరికాకు పంపిన తొలి తరం కార్లలో ఇంజను ప్రక్కనున్న చిన్న పెట్టెలో రెండు కొనలను తీగ ముక్కతో కలిపితే, సారథి ముందున్న హెచ్చరిక దీపం మిణుకుతూ సంకేతం చెప్పేది. ఒక పొడవు మెరుపు, ఏడు పొట్టి మెరుపులు వస్తే 17 అని లెక్క. ఆ సంఖ్య అర్థం పుస్తకంలో చూచుకొనవలె.

అయినను సంకేతం తీర్పు కాదు. ఫలానా చోట విలువ సరిగా లేదని మాత్రమే అది చెబుతుంది. అక్కడి పరికరం చెడినదా, దాని తీగ తెగినదా, గొట్టానికి చిల్లిపడి గాలి దూరినదా అన్నది మనిషి పరీక్షించి తేల్చవలె. కంప్యూటరు ఎరుగని లోపాలు కూడ ఉన్నవి. ఈ కారులో టాపుపై పడిన నీరు సీట్ల వెనుకనున్న సన్నని గొట్టాలద్వారా క్రిందికి పోతుంది. ఆకులు, మట్టి చేరి అవి పూడుకొంటే నీరు లోపలి దూలాలలో నిలిచి తుప్పు పుట్టిస్తుంది. దానిని ఏ దీపమూ చెప్పదు. మెత్తని సన్నని కడ్డీతో ఏడాదికొకసారి గొట్టాన్ని శుభ్రం చేయటమే మార్గం. బెర్తా బెంజ్ టోపీ సూది చేసిన పని వంటిదే ఇది.

1996నుండి అమెరికాలో అమ్మే కార్లన్నిటిలో దోష సంకేతాలు చదివేందుకు ఒకే రకం అమరిక ఉండవలెనని నియమం వచ్చినది. దాని ఉద్దేశ్యం గాలి కాలుష్యాన్ని అదుపు చేయటం. దానివలన సామాన్యుడు కూడ చవక పరికరంతో తన కారును ప్రశ్నించగలిగాడు. కాని కంప్యూటర్లు పెరిగిన కొలదీ తయారీదారులు తమ వద్దనే ఉంచుకొన్న సమాచారమూ పెరిగినది. సొంతదారుకు, వీధి చివరి మెకానిక్కుకు ఆ సమాచారం ఇవ్వవలెనా అన్న వివాదం పుట్టినది. 2012లో అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రం ఇవ్వవలసిందేనని చట్టం చేసినది. కారునుండి ఆకాశమార్గాన పోయే సమాచారాన్ని కూడ దానిలో చేర్చవలెనని 2020లో ఆ రాష్ట్ర ప్రజలు వోటు వేశారు. మన దేశంలో 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కును గురించి ఆలోచించటానికి ఒక కమిటీని నియమించినది. వ్యవసాయ పరికరాలు, సెల్‌ఫోన్లు, గృహోపకరణాలు, మోటారు వాహనాలు దాని పరిశీలనలో చేరినవి. జాన్ హేన్స్ 2019లో మరణించాడు. మరుసటి ఏట ఆయన సంస్థ క్రొత్త కార్లకు అచ్చు పుస్తకాలు వేయటం విరమిస్తున్నట్లు ప్రకటించినది.

కాబట్టి ఇది పాత కార్ల ముచ్చట మాత్రమే కాదు. నిర్మాణం తెలిసిన యంత్రానికి మనిషి యజమాని. మూత తీయరాని యంత్రానికి అతడు అద్దెదారు వంటివాడే. ట్రాక్టరుమీద, నీటి పంపుమీద బ్రతికే రైతుకు ఈ తేడా ఒక పంట విలువ చేయవచ్చును.

ఈ విద్యను నేర్పటానికి పాఠశాలలో కారు ఉండనవసరం లేదు. ఒక బ్యాటరీ, ఒక బల్బు, ఒక స్విచ్చి, నాలుగు తీగలు ఉంటే చాలు. ఉపాధ్యాయుడు విద్యార్థులు చూడకుండా ఒక కీలు వదులుచేసి, బల్బు ఎందుకు వెలుగలేదో కనుగొనమనవచ్చును. నియమం ఒక్కటే: పరీక్షించకుండా ఏ భాగాన్నీ మార్చరాదు. ఓమ్ సూత్రాన్ని పరీక్షలో వ్రాసిన విద్యార్థికీ, దానితో లోపాన్ని పట్టుకొన్న విద్యార్థికీ గల భేదం ఆ గంటలోనే ఉపాధ్యాయునికి తెలుస్తుంది.